గాలి బాణం ఎటు గీయాలి? షంషాబాద్ - ఖమ్మం లెక్క రెండు రోజులుగా తేలడం లేదు

నీలిమేఘం

అందరికీ నమస్కారం. పైలట్ లైసెన్స్ కోసం డీజీసీఏ పెట్టే ఎయిర్ నావిగేషన్ పేపర్‌కి ప్రిపేర్ అవుతున్నాను. పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఇంటర్లో ఎంపీసీ, సదిశల చాప్టర్ అంటే నాకు చాలా ఇష్టం, త్రిభుజ నియమం, సమాంతర చతుర్భుజ నియమం నిద్రలో లేపి అడిగినా చెప్తాను. అలాంటిది విమానం మీద గాలి లెక్క దగ్గరికి వచ్చేసరికి ఇరుక్కుపోయాను, పరీక్ష దగ్గరపడుతోంది, నిజంగా టెన్షన్‌గా ఉంది.

ప్రాక్టీస్ కోసం నేనే ఒక లెక్క తయారుచేసుకున్నాను. మ్యాప్ చూస్తే ఖమ్మం షంషాబాద్‌కి దాదాపు సరిగ్గా తూర్పున ఉంది, దూరం 99 నాటికల్ మైళ్ళు. కాబట్టి ట్రాక్, అంటే నేల మీద పోవాల్సిన దిక్కు, 090 (ఉత్తరం నుంచి కుడివైపుగా కొలిచిన డిగ్రీలు). చిన్న విమానం, ట్రూ ఎయిర్‌స్పీడ్ (గాలిలో విమానం వేగం) 120 నాట్స్, అంటే గంటకి 120 నాటికల్ మైళ్ళు. గాలి 030 డిగ్రీలు, 30 నాట్స్. హెడ్డింగ్ (ముక్కు పెట్టాల్సిన దిక్కు) ఎంత, గ్రౌండ్ స్పీడ్ (నేల మీద వేగం) ఎంత, ఎంతసేపట్లో ఖమ్మం మీదికి వస్తాం?

గాలిని 030 వైపుకి బాణంగా గీశాను. అది విమానాన్ని ఎడమకీ కాస్త ముందుకీ తీసుకుపోతుంది కాబట్టి ముక్కు 12.5 డిగ్రీలు కుడికి తిప్పాను. హెడ్డింగ్ 102.5, గ్రౌండ్ స్పీడ్ 132, టైమ్ 45 నిమిషాలు వచ్చాయి. నా ఫ్రెండ్‌కేమో హెడ్డింగ్ 077.5, గ్రౌండ్ స్పీడ్ 102, టైమ్ 58 నిమిషాలు. ఇద్దరం సైన్, కాస్ సరిగ్గానే వేశాం, ఒకటికి రెండుసార్లు చూసుకున్నాం.

ఇంకో అనుమానం కూడా ఉంది. పోయేటప్పుడు ఎదురుగాలి అయితే వచ్చేటప్పుడు అదే గాలి వెనక నుంచి తోస్తుంది కదా, అంటే పోయిన టైమ్ తిరిగి వచ్చేయాలి కదా? మా ఇన్‌స్ట్రక్టర్ సార్ "రాదు, ఫ్యూయల్ ఎక్కువే వేసుకోవాలి" అన్నారు, ఎందుకని అడిగేలోపు క్లాస్ అయిపోయింది. కాస్త వివరంగా చెప్పగలరా?


పడమటిగాలి

మీ ఫ్రెండ్‌దే కరెక్ట్ చెల్లీ. గాలి 030 అంటే 030 వైపుకి పోతున్న గాలి కాదు, 030 నుంచి వస్తున్న గాలి. ఇది పైలట్లు కొత్తగా పెట్టుకున్న పద్ధతేమీ కాదు, మన ఇళ్ళల్లో పడమటి గాలి అంటే పడమర నుంచి వచ్చే గాలే కదా, పడమరకి పోయే గాలి అని ఎవరూ అనుకోరు. గాలిని వచ్చిన దిక్కుతో పిలుస్తాం, విమానాన్ని పోయే దిక్కుతో పిలుస్తాం. ఈ రెండూ ఒకే కాగితం మీద పెట్టేటప్పుడు గాలికి 180 కలిపి బాణం గీయాలి. మీ లెక్కలో బాణం 210 వైపుకి, అంటే కుడికీ వెనక్కీ. నేను ఎయిర్‌లైన్లో ఫస్ట్ ఆఫీసర్‌ని, ట్రైనింగ్ రోజుల్లో నేను కూడా ఇదే తప్పు చేశాను. పరీక్షలో ఈ తప్పు జవాబు కూడా ఆప్షన్లలో పక్కనే ఉంటుంది, అందుకే చేసినట్టు కూడా తెలియదు.

ఇప్పుడు అసలు సంగతి. ఇంటర్లో మీకు రెండు సదిశలు పూర్తిగా ఇచ్చి కలపమంటారు. ఇక్కడ అలా కాదు. మూడు వేగాలున్నాయి: గాలిలో విమానం వేగం, నేల మీద గాలి వేగం, నేల మీద విమానం వేగం. మొదటి రెండూ కలిపితే మూడోది. కానీ పూర్తిగా తెలిసింది గాలి ఒక్కటే. విమానానిది ఎంత వేగమో తెలుసు, ముక్కు ఎటు పెట్టాలో తెలీదు. నేల మీద వేగానికి దిక్కు తెలుసు, ఎంతో తెలీదు. ఒకదానికి పొడవు తెలుసు, ఇంకోదానికి దిక్కు తెలుసు, ఆ రెండు సగాలూ కలిస్తేనే త్రిభుజం మూసుకుంటుంది. ఫార్ములా పక్కన పెట్టి ఒక్కసారి చేత్తో గీయండి, మళ్ళీ జన్మలో మర్చిపోరు.

గ్రాఫ్ పేపర్ తీసుకుని 10 నాట్స్‌కి ఒక సెంటీమీటర్ పెట్టుకోండి. షంషాబాద్ చుక్క పెట్టి తూర్పుకి పొడుగ్గా గీత గీయండి, ఇది ట్రాక్, ఎక్కడ ఆగుతుందో ఇంకా తెలీదు. అదే చుక్క నుంచి గాలి బాణం, 210 వైపుకి 3 సెంటీమీటర్లు. ఇప్పుడు కంపాస్ 12 సెంటీమీటర్లు తెరిచి, సూది గాలి బాణం కొన మీద పెట్టి చాపం తిప్పండి. ట్రాక్ గీతని 10.2 దగ్గర కోస్తుంది. అదే గ్రౌండ్ స్పీడ్, 102. బాణం కొన నుంచి ఆ కోత దాకా గీత కలిపి ప్రొట్రాక్టర్ పెడితే 77న్నర వస్తుంది, అది హెడ్డింగ్. పైలట్లు చేత్తో తిప్పి లెక్కలు చేసుకునే ఈ6బి చక్రం లోపల జరిగేది కూడా ఇదే పని, అది 1930లలో తయారైన పరికరం, ఇవాళ్టికీ ట్రైనింగ్‌లో వాడుతున్నాం.


గోదారి_లెక్కలు

అమ్మా, నేను ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్తాను, ఊరు రాజమండ్రి పక్క. పైన చెప్పింది బాగుంది, నీ రెండో ప్రశ్న నేను తీసుకుంటాను.

కొవ్వూరు రేవు నుంచి ఈ ఒడ్డుకి పడవలో ఎప్పుడైనా వచ్చావా? సరంగు పడవ ముక్కు ఎప్పుడూ ఎదురుగా కనిపించే రేవు వైపు పెట్టడు, దానికంటే ఎగువకు పెడతాడు. లోపల కూర్చున్న మనకి ఇతను ఎటో తీసుకుపోతున్నాడే అనిపిస్తుంది, తీరా చూస్తే సరిగ్గా రేవులోనే దిగుతాం. గాలి నది అనుకో, విమానం పడవ. పడవకి నీళ్ళు తప్ప నేల సంగతి తెలియదు, విమానానికి గాలి తప్ప నేల సంగతి తెలియదు.

ఇక పోయేటప్పుడు పోగొట్టుకున్నది వచ్చేటప్పుడు వస్తుందా అన్నావు. వేగంలో వస్తుంది, టైమ్‌లో రాదు. నోటితో చేసుకోగలిగే అంకెలు తీసుకుందాం. దూరం 100 నాటికల్ మైళ్ళు, విమానం 100 నాట్స్, గాలి సరిగ్గా దారి వెంట 50 నాట్స్. గాలి లేకపోతే పోను గంట, రాను గంట. గాలి ఉంటే ఒక వైపు 150 వేగం, 40 నిమిషాలు. రెండో వైపు 50 వేగం, రెండు గంటలు. లాభం 20 నిమిషాలు, నష్టం గంట. ఎందుకంటే గాలి సాయం చేసేటప్పుడు నువ్వు ఆ గాలిలో 40 నిమిషాలే ఉన్నావు, అడ్డం పడేటప్పుడు రెండు గంటలు ఉన్నావు. అదే గాలి 100 నాట్స్ అయితే? పోవడం అరగంటలో పోతావు, తిరిగి రావడం అనేది లేదు, నేల మీద వేగం సున్నా. ఈ చివరి అంకె బోర్డు మీద వేసినప్పుడు పిల్లల ముఖాలు మారతాయి, అప్పటిదాకా సగటు తీస్తే సరిపోతుందని అనుకుంటూ ఉంటారు.


రన్‌వే_చివర

పడవ పోలిక నాకు నచ్చలేదు సార్. గాలి పక్క నుంచి కొడుతుంటే పైలట్ రడ్డర్ (ముక్కుని పక్కలకి తిప్పే తోక పలక) పెడల్ తొక్కిపట్టి విమానాన్ని దారిలో నిలబెట్టాలి కదా, రోడ్డు మీద బైక్‌ని ఈదురుగాలి ఒక పక్కకి నెడుతుంటే మనం హ్యాండిల్ బిగించి పట్టుకున్నట్టు. షంషాబాద్‌లో దిగేటప్పుడు విమానాలు వంకరగా రావడం నేనే చాలాసార్లు చూశాను.


పడమటిగాలి

లేదన్నా, ఇది చాలామందికి ఉండే అపోహ, దీన్ని కాస్త నిదానంగా చెప్పాలి. బైక్ చక్రాలు రోడ్డుని పట్టుకుని ఉంటాయి, అందుకే గాలి దాన్ని నెట్టగలదు, మీకు చెంప మీద తెలుస్తుంది. గాల్లో విమానానికి పట్టుకునే నేల లేదు. అది గాలిముద్ద లోపల ఉంది, ఆ ముద్ద మొత్తం జరుగుతుంటే దాంతోపాటే జరుగుతుంది. రైలు పెట్టెలో నడుస్తున్న మనిషిని రైలు పక్కకి నెట్టదు కదా. ఒకసారి హెడ్డింగ్ సరిచేసి రెక్కలు మట్టంగా పెట్టాక కాళ్ళు రడ్డర్ మీద ఊరికే ఆనించి ఉంటాయి, విమానం పక్కకి జారుతోందా అని చూపే టర్న్ కోఆర్డినేటర్‌లో బంతి సరిగ్గా మధ్యలో ఉంటుంది. విమానం తన గాలిలో తిన్నగానే పోతోంది, నేల మీద నుంచి చూసేవాళ్ళకే అది పక్కవాటుగా పోతున్నట్టు కనిపిస్తుంది. కుదుపులు వేరే విషయం, అవి గాలి వేగం ఒక్కసారిగా మారినప్పుడు వచ్చేవి.

మీరు షంషాబాద్‌లో చూసింది నిజమే. పక్కగాలిలో దిగేటప్పుడు ముక్కు గాలి వైపు తిప్పి వస్తాం, దాన్ని క్రాబ్ అంటాం, పీత నడకలాగా ఉంటుందని. చక్రాలు రన్‌వేని తాకబోయే ముందు మాత్రం రడ్డర్‌తో ముక్కుని రన్‌వే వెంట తిప్పాల్సిందే, ఎందుకంటే అక్కడి నుంచి చక్రాలు నేలని పట్టుకుంటాయి, మీ బైక్ కథ అక్కడ మొదలవుతుంది. సెస్నా 172లో పక్కగాలి 15 నాట్స్ దాకా దింపి చూపించినట్టు మాన్యువల్లో ఉంటుంది, దానికి మించితే ట్రైనింగ్‌లో మమ్మల్ని పంపేవాళ్ళు కాదు.


రన్‌వే_చివర

రైలు పెట్టె మాటతో అర్థమైంది. ఇన్నాళ్ళూ తప్పుగా అనుకున్నాను. థాంక్స్ అన్నా.


నీలిమేఘం

అందరికీ చాలా చాలా థాంక్స్. రాత్రి కూర్చుని గ్రాఫ్ మీద గీశాను. చాపం ట్రాక్ గీతని నిజంగానే 10.2 దగ్గర కోసింది, పెన్సిల్ ఇంకాస్త సన్నగా చెక్కి ఉంటే ఇంకా బాగా వచ్చేది.

తర్వాత ఇంకో పని చేశాను. నా తప్పు హెడ్డింగ్ 102.5 మీదే పోతే అసలు ఎక్కడ తేలతానో చూద్దామని రెండు సదిశలూ ముక్కలు చేసి కలిపాను. తూర్పుకి విమానానిది 117, గాలిది మైనస్ 15, మొత్తం 102. దక్షిణానికి విమానానిది 26, గాలిది ఇంకో 26, మొత్తం 52. అంటే గంటలో 52 నాటికల్ మైళ్ళు, 96 కిలోమీటర్లు దక్షిణానికి పోయాను. మ్యాప్ మీద వేలు పెట్టి చూస్తే, ఖమ్మం తగలాల్సిన 58వ నిమిషానికి నేను సత్తెనపల్లి మీద ఉన్నాను! కృష్ణ దాటేసి పల్నాడులోకి వచ్చేశాను. నాకు వచ్చిన జవాబు ప్రకారమైతే 45 నిమిషాలకే కిందికి చూసి ఖమ్మం ఖిల్లా ఎక్కడా అని వెతుక్కుంటూ ఉండేదాన్ని. కాగితం మీద బాణం తిరగేస్తే ఇంత దూరం పోతుందని అనుకోలేదు, చూసి కాసేపు అలాగే కూర్చుండిపోయాను.

తిరుగు ప్రయాణం కూడా చేశాను. ట్రాక్ 270, అదే గాలి 030 నుంచి 30. హెడ్డింగ్ 282.5, గ్రౌండ్ స్పీడ్ 132, టైమ్ 45 నిమిషాలు. పోను 58, రాను 45, మొత్తం 103. గాలి లేకపోతే 99. నాలుగు నిమిషాలు ఎక్కువే అయ్యాయి, ఇన్‌స్ట్రక్టర్ సార్ చెప్పింది ఇదే. కరెక్టేనా?


గోదారి_లెక్కలు

కరెక్టమ్మా. ఒక్కటి గమనించావా, మొదట నీకు వచ్చిన 132, 45 నిమిషాలు ఇప్పుడు తిరుగు ప్రయాణంలో మళ్ళీ వచ్చాయి. హెడ్డింగ్ కూడా అంతే, 282.5లోంచి 180 తీసేస్తే నీ పాత 102.5. గాలి బాణం తిప్పేయడమూ, ప్రయాణం తిప్పేయడమూ ఒకటే. నీ త్రిభుజంలో తప్పేమీ లేదు, అది ఖమ్మం నుంచి వెనక్కి వచ్చే త్రిభుజం, అంతే. ఇది ఈసారి మా పిల్లలకి కూడా చెప్తాను.


సన్నీవేల్_నుంచి

ఇంత మంచి చర్చ చూసి నాకూ రాయాలనిపించింది. నేను పైలట్‌ని కాదు, సాఫ్ట్‌వేర్, కాలిఫోర్నియాలో ఉంటాను, అమ్మానాన్నల కోసం ఏడాదికోసారి వస్తాను కాబట్టి సీటు ముందు మ్యాప్‌లో గ్రౌండ్ స్పీడ్ చూసే అలవాటు బాగా ఉంది.

పోను రాను రెండూ నష్టపోయే సందర్భం ఒకటుంది, అది నాకు ఆలస్యంగా అర్థమైంది. హైదరాబాద్ - ఢిల్లీ దారి దాదాపు సరిగ్గా ఉత్తరానికి ఉంటుంది, సుమారు 680 నాటికల్ మైళ్ళు. చలికాలంలో ఉత్తర భారతం మీద పైన పడమటి జెట్ స్ట్రీమ్, అంటే చాలా ఎత్తులో ఉరికే గాలి ప్రవాహం, వీస్తుంది, 100 నాట్స్ దాటడం మామూలే. దారి పొడుగునా సగటున పడమటి గాలి 100 నాట్స్ అనుకుందాం, విమానం 450. గాలి సరిగ్గా పక్క నుంచి, ఎదురూ కాదు వెనకా కాదు, కాబట్టి వేగం తగ్గకూడదు అనుకునేవాణ్ణి. కానీ ముక్కు 13 డిగ్రీలు పడమరకి తిప్పి పోవాలి, ఆ తిప్పిన మేరకు ముందుకి పోయే వేగం తగ్గి 439 అవుతుంది. పోయేటప్పుడు రెండు నిమిషాలు పైన పోతాయి, వచ్చేటప్పుడు ఇంకో రెండు పోతాయి. రెండు వైపులా చేతి నుంచి పెట్టుకోవడమే.

ఇంకొకటి, ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి ఎయిర్ ఇండియా ముందు అట్లాంటిక్ మీదుగా వచ్చేది. 2016 అక్టోబర్లో పసిఫిక్ మీదుగా మార్చింది. దూరం 1,400 కిలోమీటర్ల దాకా పెరిగింది, టైమ్ మాత్రం తగ్గింది, ఎందుకంటే ఆ దారి పొడుగునా పడమటి గాలి వెనక నుంచి ఉంటుంది. నేల మీద చుట్టుదారి, గాలిలో కొలిస్తే దగ్గరిదారి.


పడమటిగాలి

సన్నీవేల్ అన్నా, మంచి ఉదాహరణలు. దీనికి మన వైపుది ఒకటి కలుపుతాను, ఇది పరీక్షలో మెటియరాలజీ పేపర్‌కి కూడా పనికొస్తుంది చెల్లీ. గాలి ఎత్తుని బట్టి మారుతుంది, కింద ఒకటుంటే పైన ఇంకోటి. వానాకాలంలో షంషాబాద్‌లో నేల మీద పడమటి గాలి, అందుకే పడమరకి ముఖం పెట్టి రన్‌వే 27 (270 డిగ్రీల వైపు పోయేది) మీద టేకాఫ్ అవుతాం. అదే రోజు బాగా పైకి పోతే గాలి తూర్పు నుంచి వస్తూ ఉంటుంది. దక్షిణ భారతం మీద వానాకాలంలో వీచే ఆ తూర్పు జెట్ స్ట్రీమ్ మీద పంచేటి కోటేశ్వరం గారు 1958లో రాసిన పేపర్ ప్రపంచమంతా చదివింది. తర్వాత ఆయన భారత వాతావరణ శాఖ డైరెక్టర్ జనరల్‌గా కూడా పనిచేశారు. ఆ పేరు మనవాళ్ళలో చాలామందికి తెలియకపోవడం నాకు నిజంగా బాధ. ఇక ఫ్లైట్ ప్లాన్‌లో ఒక్క గాలి అంకె ఉండదు, ఒక్కో పాయింట్‌కీ ఒక్కో ఎత్తుకీ వేర్వేరు గాలి ఇస్తారు, దారిని ముక్కలు చేసి ప్రతి ముక్కకీ నీ గ్రాఫ్ త్రిభుజమే వేస్తుంది కంప్యూటర్.


నీలిమేఘం

అన్నా, చివరిగా ఒకటి. ఇప్పుడు జీపీఎస్ గ్రౌండ్ స్పీడ్ ఎలాగూ చూపిస్తుంది కదా, మరి పైలట్ ఈ త్రిభుజం బుర్రలో పెట్టుకోవాల్సిన అవసరం ఏముంది? పరీక్ష కోసమే అయితే సరే, నిజంగా వాడతారా అని.


పడమటిగాలి

వాడతాం. టేకాఫ్ కాకముందే ఫ్యూయల్ ఎంత అని నిర్ణయించుకోవాలి, అప్పటికి జీపీఎస్ చెప్పడానికి ఏమీ లేదు, ఉన్నది గాలి అంచనా ఒక్కటే. గాల్లోకి పోయాక అంచనా ప్రకారం గాలి ఉందా లేదా అని పాయింట్ పాయింట్‌కీ చూసుకుంటాం. జీపీఎస్ 380 చూపిస్తుంటే అది బాగుందా బాగాలేదా అని చెప్పడానికి ఎంత ఉండాలో మన దగ్గర లెక్క ఉండాలి కదా. పైపైన చూసుకోవడానికి ఒక చిట్కా ఉంది, 60ని ఎయిర్‌స్పీడ్‌తో భాగించి పక్కగాలితో హెచ్చించు, తిప్పాల్సిన డిగ్రీలు వస్తాయి. నీ లెక్కలో 60 బై 120 అంటే అర, పక్కగాలి 26, జవాబు 13. అసలు 12.5. కాలిక్యులేటర్ అక్కర్లేదు.

గాలి తెలియకపోతే ఏమవుతుందో ఒకటి చెప్తాను, ట్రైనింగ్‌లో విన్నప్పటి నుంచి నా మనసులో ఉండిపోయింది. 1947 ఆగస్టు 2న స్టార్ డస్ట్ అనే లాంకాస్ట్రియన్ విమానం బ్యూనస్ ఎయిర్స్ నుంచి చిలీలోని సాంటియాగోకి బయల్దేరింది, అందులో పదకొండు మంది. మధ్యలో ఆండీస్ కొండలు, వాటిని మబ్బు కప్పేసింది, కింద ఏమీ కనపడదు. కొండలు తప్పించుకోవడానికి 24,000 అడుగులకి ఎక్కుతున్నామని చెప్పారు. అంత ఎత్తులో పడమటి జెట్ స్ట్రీమ్ ఎదురు కొడుతోంది, ఆ రోజుల్లో ఆ గాలి గురించి పైలట్లకి సరిగా తెలియదు. గడియారం, ఎయిర్‌స్పీడ్ చూసుకుని కొండలు దాటేశామనుకున్నారు. నేల మీద మాత్రం ఇంకా దాటలేదు. దిగడం మొదలుపెట్టి టుపుంగాటో కొండ మీద మంచులో గుద్దుకున్నారు, సాంటియాగో అక్కడికి 80 కిలోమీటర్లే. సాంటియాగోకి ఇన్ని గంటలకి చేరతాం అని చివరి మెసేజ్ కూడా పంపారు. యాభై ఏళ్ళ పాటు విమానం ఏమైందో ఎవరికీ తెలియలేదు, 1998లో హిమానీనదం కింది నుంచి ముక్కలు బయటపడ్డాయి. ఇంజన్ బాగానే ఉంది, విమానం బాగానే ఉంది, వాళ్ళ త్రిభుజంలో ఒక బాణం లేదు.


నీలిమేఘం

చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. ఆ మెసేజ్ పంపినప్పుడు వాళ్ళు ఎంత ధైర్యంగా ఉండి ఉంటారో కదా.

ఇవాళ రన్‌వే లెక్క ఒకటి వేశాను, చూసి చెప్పండి. రన్‌వే 27, టవర్ గాలి 300 నుంచి 20 నాట్స్ అని చెప్పింది. తేడా 30 డిగ్రీలు, పక్కగాలి 20లో సగం 10 నాట్స్ కుడి నుంచి, ఎదురుగాలి 17. ఈసారి బాణం 120 వైపుకే గీశాను.


పడమటిగాలి

సరిగ్గా ఉంది. టవర్ చెప్పే గాలి, రన్‌వే నంబరు రెండూ మాగ్నటిక్ (దిక్సూచి చూపే ఉత్తరం నుంచి కొలిచినవి), కాబట్టి నేరుగా తీసివేయొచ్చు. మెటార్ అనే వాతావరణ రిపోర్ట్‌లోనూ ఫోర్‌కాస్ట్‌లోనూ వచ్చేది మాత్రం ట్రూ (అసలు ఉత్తరం నుంచి కొలిచినది). మన దగ్గర ఆ తేడా చాలా తక్కువ, కానీ పేపర్లో వేరే దేశం రన్‌వే ఇచ్చి 15 డిగ్రీల వేరియేషన్ (ఈ తేడా పేరు అదే) పెడతారు, అక్కడ ముందు దాన్ని సరిచేశాకే బాణం గీయి. అలాంటివి ఒక పది వేసి ఇక్కడ పెట్టు, ఆదివారం డ్యూటీ లేదు, కూర్చుని చూస్తాను.